డిఫెన్స్‌వాడి తల్లి

హోటల్ గదిలో పక్క సర్దే పని తనది కాదని తెలిసి కూడా మార్లిస్ దుప్పటి అంచులు లాగి పరుపు కిందికి దోపుతూనే ఉంది. ఫోను దిండు మీద పెట్టి స్పీకర్ వేసింది. అవతల మొగుడు, గార్త్.

"వింటున్నావా? కెమెరా వాళ్ళు అడిగితే పెరట్లో రింక్ సంగతి చెప్పు. నేను చీకటితో లేచి గొట్టంతో నీళ్ళు కొట్టి ఐస్ కట్టించింది, మనవాడికి స్కేట్లు తొడిగి చెయ్యి పట్టుకుని నడిపించింది. అంతవరకు చెప్పి ఊరుకో. ఆట గురించి మాత్రం నోరెత్తకు, పరువు పోతుంది. రేపు పొద్దున్న క్లబ్బులో అందరం టీవీ ముందే ఉంటాం."

"ఆఁ."

"ఆఁ అంటే కాదు. ఏం చెప్తావో ఒకసారి చెప్పు, వింటాను."

బడిపిల్లలా అప్పజెప్పింది. ఒకచోట తడబడితే అతను సరిదిద్దాడు. తర్వాత, ఆమె లేకపోతే ఫ్రిజ్‌లో కూరలు ఎక్కడున్నాయో తెలియడం లేదని విసుక్కుని ఫోన్ పెట్టేశాడు.

ఏటా ఒకసారి ఆటగాళ్ళ తండ్రులను విమానంలో వెంటబెట్టుకుని పరాయి ఊరి ఆటలకు తీసుకెళ్ళడం కొడుకు ఆడే జట్టు ఆనవాయితీ. ఈ ఏడు తల్లుల వంతు అన్నారు. గార్త్‌కి మింగుడుపడలేదు. "ఆటేంటో తెలియని ఆడవాళ్ళని పోగేసి ఏం చూపిస్తారు?" అన్నాడు. అందులో సగం నిజమే. కొడుకు ట్రెంట్ దేశంలోకెల్లా పెద్ద ఐస్ హాకీ లీగ్‌లో ఆడుతున్నాడు గానీ, మార్లిస్ వాడి ఆట ఒక్కటైనా మొదటినుంచి చివరిదాకా చూసిన పాపాన పోలేదు. కెనడాలో సస్కాచెవాన్‌లోని వాళ్ళ చిన్న ఊళ్ళో పిల్లలు ఆడుతుంటే తండ్రులు రింక్ చుట్టూ ఉండే అద్దాన్ని ఆనుకుని నిలబడి రిఫరీని తిడతారు, తల్లులు క్యాంటీన్‌లో బంగాళాదుంప ముక్కలు వేయించి, కాఫీ కలిపి అమ్ముతారు. ఆ డబ్బుతో పిల్లల బస్సు నడుస్తుంది. అది ఎవరూ రాసిన రూలు కాదు, అందుకే ఎవరూ మార్చలేదు. నూనె చిటపటల మధ్య గోడ అవతల జనం "ఓ" అంటే ఎవరికో దెబ్బ తగిలిందనీ, "హే" అంటే గోల్ పడిందనీ ఆమె లెక్క. వాడి ఆట ఆమెకి తెలిసింది చెవులతోనూ, ముక్కుతోనూ. చెమటతో కుళ్ళిన చేతి తొడుగుల వాసన, మోకాలి దగ్గర చిరిగిన మేజోళ్ళు, పక్కటెముకల మీద నల్లగా కమిలిన మచ్చలు. ఆ సాయంత్రం స్టేడియంలో మాత్రం చేతిలో గరిటె లేదు. ఎదురుగా అద్దం, అద్దం అవతల కొడుకు.

పక్క కుర్చీలో ఎర్ర శాలువా కప్పుకున్న ఆవిడ, క్విబెక్ నుంచి వచ్చిన జిసెల్. గోల్ కాచే గోలీకి తల్లి.

"నీ పిల్లాడేడమ్మా?" అంది.

"అడుగో, నలభై నాలుగో నంబరు. డిఫెన్స్."

"ఓసి, మావాడి ముందు కాపలా కాసేది మీవాడా! అయితే మనం వియ్యపురాళ్ళ కంటే ఎక్కువే."

మార్లిస్ నవ్వి, గొంతు తగ్గించింది. "ఒకటి అడుగుతాను, నవ్వొద్దు. అందరూ ముందుకి దూసుకుపోతుంటే మావాడొక్కడూ వెనక్కి వెనక్కి పోతాడేం?"

జిసెల్ నవ్వనే నవ్వింది. "ఇన్నేళ్ళు ఎక్కడున్నావు తల్లీ?"

"క్యాంటీన్‌లో."

"ఓహో! నేనూ వేయించాను బంగాళాదుంపలు. మావాడు గోల్ వదిలినప్పుడల్లా ఏడుస్తున్నానని, బేరం పోతోందని బయటికి గెంటేశారు. అదృష్టం!" అని మార్లిస్ మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది. "అదిగో, అవతలివాడు కర్రతో బిళ్ళ తోసుకుంటూ వస్తున్నాడు చూడు. మీవాడు బిళ్ళని చూడడు. చేతుల్నీ చూడడు, కళ్ళనీ చూడడు. అవన్నీ అబద్ధాలాడతాయి. రొమ్ముని చూస్తాడు. రొమ్ము ఎటు తిరిగితే మనిషి అటే పోవాలి, ఇంకెక్కడికి పోతాడు? ఇద్దరి మధ్యా కర్రంత ఎడం ఉంచుతాడు. మరీ దగ్గరకి రానిస్తే దాటిపోతాడు, మరీ వదిలేస్తే అక్కణ్ణించే కొడతాడు. అలా వెనక్కి వెళ్తూ వెళ్తూ గోడవైపుకి తోలుకుపోతాడు. ఆ వచ్చేవాడేమో తన ఇష్టం కొద్దీ వెళ్ళాననుకుంటాడు, పిచ్చి వెధవ."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది, ఏమీ ఉండదు. డిఫెన్స్‌వాడు బాగా ఆడిన రోజు ఏమీ జరగదు. జరగనిదానికి చప్పట్లు ఎవడు కొడతాడు?"

మార్లిస్ ముందుకి వంగింది. మరోడు వస్తున్నాడు. తల కుడికి ఊపాడు, కర్ర కుడికి చాపాడు. 'ఎడమకే పోతాడు' అనుకుంది. ఎడమకే పోయాడు. ఇంకొకడు. 'వీడు ఆగుతాడు.' ఆగాడు. కాసేపటికి పైకే అనడం మొదలుపెట్టింది. జిసెల్ ఆట మానేసి ఈమె మొహం చూస్తోంది. "అమ్మ దొంగా! ఆట తెలియదన్నావు!"

నిజంగా తెలియదు. తెలియనిది ఎలా చెప్పగలుగుతోందో అదే వింతగా ఉంది ఆమెకి. సొంత ఇంట్లో ఎన్నడూ చూడని గది తలుపు తెరుచుకున్నట్టుంది. కొడుకు మోకాళ్ళు కొద్దిగా వంచి, ఒక చెయ్యి ముందుకి చాపి, మెత్తగా వెనక్కి వెళ్తున్నాడు. ఆ చాచిన చేతిలో కర్ర బదులు తడి గుడ్డ ఉన్నట్టు తోచింది ఆమెకి. అంతే, వంటిల్లు కళ్ళముందుకి వచ్చింది. ఊరి జట్టు ఓడిన రోజున, ఎరువుల డిపోలో ఎవడో మాట అన్న రోజున, ఏ కారణమూ లేని రోజున కూడా గార్త్ వీధి తలుపు తోసుకుని వచ్చేవాడు. తను గిన్నెల దగ్గర్నుంచి తిరిగేది. మొహం చూసేది కాదు, మొహం ఒక్కోసారి నవ్వుతూనే ఉండేది. చొక్కా గుండీల దగ్గర చూసేది. పిల్లాడున్న మెట్లవైపుకి ఆ గుండీలు తిరిగితే తను అటు జరిగేది. చెయ్యి చాపితే అందనంత ఎడంలో, అలా అని పారిపోతోందని ఉడుక్కోనంత దగ్గరలో, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ, "చలిగా ఉందా బయట, సూప్ వేడిగా ఉంది" అంటూ, ఫ్రిజ్ పక్క మూల కుర్చీ దాకా తీసుకుపోయేది. అందులో కూలబడి వీపు గోడకి ఆనించాక అతను సగం మనిషి అయిపోయేవాడు. తిని పడుకునేవాడు. గార్త్ నోరు చెడ్డదే గానీ చెయ్యి ఏనాడూ ఎత్తలేదని ఊరంతా మెచ్చుకుంటుంది, అత్తగారైతే చచ్చేదాకా అదొక బిరుదులా చెప్పుకుంది. ఎత్తేదాకా రానివ్వనిది ఎవరో ఎవరికీ తోచలేదు. మార్లిస్‌కే తోచలేదు. ఇల్లాలికి కాస్త ఓర్పు ఎక్కువ అనుకుంది, అంతే.

మరి ట్రెంట్? తొమ్మిదో ఏట, పరుగు చాలడం లేదని కోచ్ వాణ్ణి ముందు వరసలోంచి తీసి డిఫెన్స్‌లో వేస్తే కారులో ఇంటిదాకా గార్త్ తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి. "గోల్ కొట్టడం చేతకాని వెధవల్నే అక్కడ పడేస్తారు!" మర్నాడు కోచ్ క్యాంటీన్ కిటికీ దగ్గరికి వచ్చి, కాఫీ తీసుకుంటూ, "మీవాడికి నేను నేర్పేదేం లేదమ్మా, వచ్చేవాడి ఒంటిని చదివేస్తాడు, ఎవరు నేర్పారో" అన్నాడు. చిల్లర ఇచ్చే హడావిడిలో ఆమె అవును కాబోలు అంది. పదహారో ఏట పరాయి ఊరి జట్టులో ఆడటానికి వెళ్ళి, అక్కడి ఆనవాయితీ ప్రకారం ఎవరింట్లోనో ఉండి తిన్నాడు. ఆ ఇల్లాలు ఒకసారి ఫోన్‌లో, "బంగారం లాంటి పిల్లాడు, కానీ ఎప్పుడూ వీధి తలుపుకి ఎదురుగానే కూర్చుని తింటాడేం?" అని అడిగింది. ఆ తర్వాత చిన్న లీగుల్లో బస్సుల్లో తిరిగి, రెండు జట్లు వద్దంటే మూడో జట్టులో నిలదొక్కుకున్నాడు. పేపర్లో ఎప్పుడు రాసినా తండ్రి, పెరడు, నీళ్ళ గొట్టం.

ఆట అయ్యాక ఆటగాళ్ళ బట్టల గది బయట నడవలో తల్లులు నిలబడ్డారు. ట్రెంట్ తడి జుట్టుతో వచ్చి తల్లి భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"విసుగేసిందామ్మా?"

"లేదురా. ఒకటి చెప్పు. వెనక్కి వెళ్ళడం నీకెవరు నేర్పారు?"

"ఏంటి, నువ్వు కూడా పేపరు వాళ్ళలా! నాన్న అని చెప్తుంటాగా. అలా అంటే గొడవుండదు."

"నేను పేపరు వాళ్ళని కాదుగా."

వాడు నవ్వు ఆపి, నడవ అటూ ఇటూ చూశాడు. "స్కేట్లు కొనకముందే వచ్చు నాకు. మెట్ల మీద కూర్చునేవాణ్ణి కదా. నువ్వు భయపడి వెనక్కి పోతున్నావనుకునేవాణ్ణి. ఆడటం మొదలెట్టాక తెలిసింది. భయపడ్డవాళ్ళు వీపు చూపించి పరిగెడతారమ్మా. ఎదురుగా చూస్తూ వెనక్కి నడవరు."

మార్లిస్‌కి ఏడుపు రాలేదు. ఇంకా అడగాలనిపించింది. "ఎంతదాకా పోతావురా అలా వెనక్కి?"

"ఎప్పటికీ పోతే ఎలా? మన గోల్‌లో మనమే పడతాం. ఒకచోట ఆగి నిలబడాలి."

"ఆగితే ఏమవుతుంది?"

"గుద్దుకుంటాడు," అన్నాడు ట్రెంట్. "లేదా వాడే ఆగిపోతాడు. ఆగి చూస్తే గానీ తెలియదు."

మర్నాడు పొద్దున్న హోటల్ హాల్లో కెమెరా పెట్టారు. తల్లులు ఒక్కొక్కరే వెళ్ళి కూర్చుంటున్నారు. జిసెల్ నవ్వించి, ఏడిపించి, దిగివచ్చింది. మార్లిస్ కూర్చున్నాక మైకు పట్టుకున్న అమ్మాయి చెప్పింది, ఇది ఇప్పటికిప్పుడే టీవీలో వస్తోందని, కంగారు పడొద్దని.

"ట్రెంట్‌కి ఈ ఆట వాళ్ళ నాన్నగారి చలవేనట కదండీ? పెరట్లో రింక్ కథ మీ నోటితో వినాలని ఉంది మాకు."

అప్పజెప్పిన పాఠం నాలుక చివరే ఉంది. అది చెప్తే ఇంకో అడుగు వెనక్కి, ఇంకో సాయంత్రం ఏమీ జరగకుండా గడిచిపోతుంది. క్లబ్బులో టీవీ ముందు కాళ్ళు చాపుకుని, చుట్టూ స్నేహితులతో కూర్చున్న గార్త్ కనిపించాడు ఆమెకి, చొక్కా గుండీలతో సహా. పాఠం కాక అసలు సంగతి వింటే ఆ గుండీలు ఎటు తిరుగుతాయో, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, ఆమెకి తెలియలేదు. తెలుసుకోవాలనిపించింది.

"రింక్ వాళ్ళ నాన్నే వేశాడు, అది నిజం," అంది మార్లిస్. "వెనక్కి వెళ్ళడం మాత్రం వాడు మా వంటింట్లో నేర్చుకున్నాడు. ఆయన అరుస్తూ నా మీదికొచ్చేవాడు, నేను ఆయన్ని చూస్తూ వెనక్కి నడిచేదాన్ని, పిల్లాడు మెట్ల మీంచి చూసేవాడు."