ఊడ్చిన నేల

మూసిన తలుపు అవతల ఎవరో తన కథే చెబుతుంటే అరుణశ్రీకి ముందు సంతోషమే వేసింది. అది సంపత్ గొంతు. పాపం, తనకంటే ముందు లోపలికి వెళ్లి నిర్మాత దగ్గర తన గురించి నాలుగు మంచి మాటలు చెబుతున్నాడు కాబోలనుకుంది. ఏళ్ల తరబడి ఒకే ఆఫీసులో కలిసి పనిచేసినవాడు, కో-డైరెక్టర్, అన్నలాంటివాడు. ఆ మాత్రం చెయ్యడా?

"అడవి పల్లె సార్. ఇప్పపూలు రాలే కాలం. మొగుడు పోయిన ఆడది తెల్లారకముందే చీపురు పట్టుకొని ఇప్పచెట్టు కిందికి వస్తుంది. ఆకులన్నీ శుభ్రంగా ఊడుస్తుంది. ఒకరు ఊడ్చిన నేల మీద ఇంకొకరు అడుగు పెట్టకూడదు, అది ఆ ఊరి కట్టుబాటు. అంతలో మరుదులు గంపలతో దిగుతారు. చెట్టు మాదంటారు. ఆమె చీపురుతో అడ్డం నిలబడుతుంది. పైనుంచి పూలు రాలుతుంటాయి. ఏరేవాళ్లు లేరు. ఇది నేను అడవులన్నీ తిరిగి పట్టుకున్న కథ సార్. నా డ్రీమ్ ప్రాజెక్ట్."

అరుణశ్రీ టీ గ్లాసు కింద పెట్టి తలుపుకు దగ్గరగా జరిగింది.

పాల్వంచలో ఆ గెస్ట్‌హౌస్ వరండాలోంచి చూస్తే కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడతాయి. వాటి కిందుగా కమ్యూనిటీ హాలు, దాని ముందు పెద్ద ఫ్లెక్సీ. మహిళా దినోత్సవం సందర్భంగా సినిమా రంగంలోని ఆడవాళ్లకు సన్మానం. ఫ్లెక్సీలో ఒక మూలన అరుణశ్రీ ఫొటో కూడా ఉంది, 'మన జిల్లా ఆడబిడ్డ' అని. పొద్దున కథలు వినడం, సాయంత్రం శాలువాలు కప్పడం. నచ్చిన కథ ఒకటి ఉంటే సాయంత్రమే స్టేజీ మీద కొత్త డైరెక్టర్ పేరు ప్రకటిస్తామని నిర్మాత వెంకటనారాయణ మాటిచ్చాడు. ఆ ఒక్క మాట కోసమే అరుణశ్రీ ఇన్నాళ్లూ వేరేవాళ్ల సినిమాలకు క్లాప్ కొట్టింది, హీరోయిన్లకు గొడుగు పట్టింది, ఎండలో తిట్లు తిన్నది. ఆమె దగ్గరున్నది ఒకే ఒక్క కథ. దాన్నే ఇప్పుడు తలుపు అవతల ఇంకొకడు అమ్ముతున్నాడు.

"మరి ఎండింగేంది?" అని నిర్మాత గొంతు.

"మరిది గొడ్డలి ఎత్తుతాడు సార్. అప్పుడు హీరో వస్తాడు. తెల్లటి పూల మీద ఎర్రటి రక్తం."

"అబ్బ!" అన్నాడు నిర్మాత.

అరుణశ్రీకి ఒళ్లు మండిపోయింది. దొంగిలించినవాడు దొంగిలించినట్టయినా చెప్పాడా? అసలు కథలో గొడ్డలీ లేదు, హీరో లేడు.

పిలుపు రాగానే తలుపు తోసుకుని వెళ్లింది. లోపల సంపత్ సోఫాలో వెనక్కి వాలి కూర్చున్నాడు. ఆమెను చూసి నవ్వబోయి ఫోను చూసుకున్నాడు.

"రా తల్లీ, చెప్పు," అన్నాడు వెంకటనారాయణ. ఖమ్మంలో వ్యాపారం చేసి సినిమాల్లోకి వచ్చినవాడు. మాట మెత్తన, లెక్క గట్టి. "జల్దీ కానియ్యి, ఇంకా చానామంది ఉన్నరు."

"ఇప్పుడు మీరు విన్నదే సార్ నా కథ."

వెంకటనారాయణ సంపత్ వైపు చూశాడు.

"అదేంటి అరుణా," అన్నాడు సంపత్ చాలా నొచ్చుకున్నట్టు. "మనం కలిసి డిస్కస్ చేసుకున్నదే కదా!"

"కలిసేంది? భద్రాచలం లొకేషన్ చూడబోయినప్పుడు బస్సుల నేను చెప్పిన, నువ్వు విన్నవ్. గంతే."

"ఎవరిదో తేల్చేటందుకు నేను పంచాయితీ పెద్దను కాదమ్మా," అన్నాడు నిర్మాత. "నీదే అనుకుందాం. ఎవలకు తెల్సు?"

"ఆఫీసుల అందరికీ తెల్సు సార్."

"అందరంటే ఎవలు? ఒక్క మనిషి పేరు చెప్పు. ఇప్పుడే ఫోన్ చేస్త."

అరుణశ్రీ ఒక్కొక్కరినే తలుచుకుంది. డైరెక్టర్‌కు క్యాబిన్‌లో చెప్పింది. రచయితకు కారులో చెప్పింది. సంపత్‌కు బస్సులో. అందరూ తల ఊపారు, బాగుందన్నారు. ఒక్కొక్కరికి ఒంటరిగా, గుట్టుగా, తలుపులు వేసుకుని చెప్పడమే ఫీల్డులో పద్ధతి. వాళ్లలో ఏ ఒక్కరూ ఇవాళ ఆమె కోసం ఫోను ఎత్తి నిజం చెప్పరు. ఆ సంగతి గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

వెంకటనారాయణ గొంతు ఇంకా మెత్తబడింది. "చూడు బిడ్డా. సంపత్ డైరెక్టర్. నువ్వు అసోసియేట్. సాయంత్రం స్టేజీ మీద ఆయన పక్కన నిలబడి, మా సార్ ఆడపిల్లలను పైకి తెస్తున్నడని ఒక్క మాట చెప్పు. నీకూ మంచిదే, మాకూ మంచిదే. లేదు, లొల్లి పెట్టుకుంటనంటవా, నీ ఇష్టం. ఫీల్డు మస్తు చిన్నది. ఇంకో ఆఫీసు గుమ్మం ఎక్కనియ్యరు."

బయటికి వచ్చి వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. అది సంపత్ మీద కన్నా తన మీదే ఎక్కువ. బొగ్గుబావి కాలనీలో పుట్టి అడవి అంచున పెరిగిన పిల్ల కదా! చెట్టు కింద ఒకరు ఊడిస్తే ఇంకొకరు కాలు పెట్టరని ఎంత గట్టిగా నమ్మిందంటే, బస్సులో పక్క సీటువాడికి కథంతా చెప్పి, ఆ పైన హాయిగా నిద్రపోయింది. ఒకసారి నోటితో చెప్పింది కాబట్టి అది తనదని అందరికీ అర్థమయిపోయిందనుకుంది. హైదరాబాదులో పుట్టిన పిల్లయితే ఆ పొరపాటు చస్తే చెయ్యదు.

హాలు వెనక షామియానా కింద రేల ఆట ఆడేందుకు వచ్చిన కోయ ఆడవాళ్లు పులిహోర తింటున్నారు. అతిథులకు ఎదురెళ్లి ఆడుతూ తీసుకురావడం వాళ్ల పని. వాళ్లలో జంపక్క ఉంది. మణుగూరు అవతలి పల్లె. అరుణశ్రీ వాళ్ల నాన్న బొగ్గుబావిలో పనిచేసిన రోజుల్లో ఆమె కాలనీకి చింతపండు, ఇప్పపూలు తెచ్చి అమ్మేది. క్వార్టర్ మెట్ల మీద కూర్చుని చెమట తుడుచుకుంటూ ఒకరోజు తన సంగతి చెప్పింది. ఆ చెట్టు ఆమెది. ఆ చీపురూ ఆమెదే. సినిమా తీస్తానని అరుణశ్రీ అడిగినప్పుడు, "నా పేరు మార్చకు, సినిమాల చెట్టును నరికెయ్యకు," అని రెండే షరతులు పెట్టింది.

"ఏందే, మొఖం గట్లున్నది?" అంది జంపక్క.

అరుణశ్రీ జరిగింది చెప్పింది. జంపక్క తినడం ఆపకుండా వింది. విన్నాక విస్తరి మడిచి పక్కన పెట్టింది.

"నువ్వు ఊడ్చినవా?"

"ఊడ్చిన పెద్దమ్మా. ఎంతమందికి చెప్పిన్నో!"

"ఎవలు జూసిన్రు?"

"ఒక్కొక్కలకు చెప్పిన..."

"గది ఊడ్చుడు కాదు," అంది జంపక్క విసుగ్గా. "మేము ఎందుకు ఊడుస్తం? చెత్త పోనీకా? నలుగురు అటు పోతుండంగ ఊడుస్తం. అందరి కండ్లబడ్డంకనే అది మనది. తలుపేసుకొని ఊడిస్తే నీ ఇల్లు సాఫయితది, చెట్టు నీదెట్లయితది?"

"అందరి ముంగట చెప్తే కథ పాడయితదంటరు పెద్దమ్మా. ఇంక ఎవలూ కొనరంట. నాకు సినిమా ఉండది. ఇంక ఏ ఆఫీసుకూ రానియ్యరు."

జంపక్క చెంబులో నీళ్లతో చెయ్యి కడుక్కుంది. "నాకూ గట్లనే చెప్పిన్రు," అంది. "లొల్లి చేస్తే ఊళ్లె ఉండనియ్యమన్నరు. భయమయింది. భయంతోనే నిలబడ్డ."

సాయంత్రానికి హాలు నిండిపోయింది. కాలనీ ఆడవాళ్లు, ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు, కాలేజీ పిల్లలు. స్టేజీ మీద వరసగా సినిమా ఆడవాళ్లు. ఒక కెమెరా అమ్మాయి, ఇద్దరు కాస్ట్యూమ్‌వాళ్లు, డబ్బింగ్ చెప్పే ఆవిడ, చివర్లో ఎడిటర్ యశోద. జీవితమంతా చీకటి గదిలో సినిమాలు కోసి కుట్టిన మనిషి. మొదట్లో ఆమె చేసిన సినిమాలన్నీ గురువుగారి పేరు మీదే వెళ్లాయని యాంకర్ గొప్ప ముచ్చటలా చెబితే జనం చప్పట్లు కొట్టారు. యశోద మాత్రం నవ్వలేదు.

అరుణశ్రీకి శాలువా కప్పారు. నిర్మాత స్వయంగా మైకు అందిస్తూ చెవిలో, "ఒక్క మాట. తర్వాత సంపత్‌ను పిలుస్త," అన్నాడు. కింద మొదటి వరసలో సంపత్ కొత్త చొక్కాలో కూర్చుని ఉన్నాడు. గోడ వారన జంపక్క, ఆమె జట్టు.

అరుణశ్రీ మైకు పట్టుకుంది. ఒక్క మాట చెప్పి కూర్చుంటే సరిపోతుంది. అసోసియేట్ అంటే తక్కువేం కాదు. ఇంకో కథ రాసుకోవచ్చు. ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. ఇవన్నీ ఆమె మనసులో నిజంగానే తిరిగాయి. అప్పుడు జంపక్క కనబడింది. చెయ్యి ఊపలేదు, సైగ చెయ్యలేదు, ఊరికే చూస్తోంది.

"నేను డైరెక్ట్ చెయ్యాలనుకున్న కథ చెప్తా," అంది అరుణశ్రీ. "మీరందరూ వినాలె. ఈ కథ జంపక్కది. అగో, ఆ గోడ దగ్గర నిలబడ్డది ఆమెనే."

వెంకటనారాయణ ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారాయి. ఆమె చెప్పసాగింది. చీపురు దగ్గర మొదలుపెట్టి మరుదుల గంపల దాకా వచ్చేసరికి మైకు చచ్చిపోయింది. సౌండ్ పెట్టె దగ్గర నిర్వాహకుడొకడు తీగ చేత పట్టుకుని అమాయకంగా చూస్తున్నాడు. హాలులో గుసగుసలు లేచాయి. సంపత్ లేచి నిలబడి, "టెక్నికల్ ప్రాబ్లమ్, తర్వాత చెప్దువు, దిగిరా అరుణా," అన్నాడు.

ఆమె దిగలేదు. గొంతు పెంచింది. గొంతు చీలింది. వెనక వరసలవాళ్లకు వినబడటం లేదని తెలుస్తూనే ఉంది. అంతలో పక్క నుంచి ఒక చెయ్యి ఇంకో మైకు అందించింది. యాంకర్ చేతిలోని తీగ లేని మైకును యశోద అడగకుండానే లాక్కుంది.

"కానియ్," అంది యశోద.

అరుణశ్రీ కానిచ్చింది. "పూలు రాలుతనే ఉన్నయి. ఆమె ఏరలే. ఏరేటందుకు వంగితే వాళ్లు లోపలికొస్తరు. వాళ్లు అడుగు పెట్టలే, పెడితే ఊరు ఉమ్ముతది. కండ్ల ముంగట పూలు కుళ్లిపోతున్నయి. రెండు దిక్కులా ఆకలే. ఒకనాడు పొద్దుగాల చిన్నమరిది పెండ్లాం వచ్చింది. ఊడ్చిన నేలకు అవతలనే గంప దించింది. కత్తి తేలే, గొడ్డలి తేలే. 'అక్కా, రావచ్చునా?' అని అడిగింది. గంతే. అడిగిందంటే చెట్టు ఎవలదో ఒప్పుకున్నట్టే. జంపక్క చీపురు పక్కన పెట్టి రమ్మన్నది. ఇద్దరూ కల్సి ఏరుకున్నరు. ఇందుల హీరో లేడు. ఈ కథ నేను చెప్పిన్నని ఇంతమంది విన్నరు. ఇంక దీని మీద ఎవలన్న కాలు పెడితే మీకు తెలుస్తది."

చప్పట్లు పడలేదు. అరుణశ్రీకి భయం వేసింది. అంతా పోయిందనుకుంది.

"నేను విన్నాను," అంది యశోద.

పక్కన కెమెరా అమ్మాయి లేచింది. "నేనూ విన్న." కాస్ట్యూమ్‌వాళ్లు లేచారు. డబ్బింగ్ ఆవిడ మైకు కూడా అడగలేదు, ఆమె గొంతు మామూలుగానే హాలు చివరిదాకా వెళ్లింది. గోడ దగ్గర రేల జట్టు ఆడవాళ్లు వాళ్ల భాషలో అదే మాట అన్నారు. తర్వాత ఎవరు ఏమంటున్నారో తెలియకుండా హాలంతా అదే మాటైంది. అరుణశ్రీ శాలువా అంచుతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

సంపత్‌ను ఎవరూ స్టేజీ మీదికి పిలవలేదు. ప్రకటన లేకుండానే సభ ముగిసింది.

స్టేజీ వెనక వెంకటనారాయణ ఆమె ముందు ఒక్క క్షణం ఆగాడు. "మంచి కథ. చేతులార చెడగొట్టుకున్నవ్. ఇంక నేను తియ్యను, ఇంకెవ్వడూ తియ్యడు," అని కారెక్కాడు. సంపత్ అప్పటికే ఆ కారులో ఉన్నాడు, తల ఎత్తలేదు.

అరుణశ్రీ మెట్ల మీద కూలబడింది. జంపక్క వచ్చి పక్కన కూర్చుంది. పొద్దున్నుంచి పట్టుకున్న ఆశ నిజంగానే పోయింది.

యశోద చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది, పాపం కాళ్లు వాచినట్టున్నాయి. మెట్లకు రెండడుగుల దూరంలోనే ఆగింది. ఆ వెనక కెమెరా అమ్మాయి.

"మాకు నిర్మాతలు లేరు. దొరుకుతారో లేదో తెలీదు," అంది యశోద. "కానీ నాకు ఎడిటింగ్ వచ్చు, ఈ పిల్లకు కెమెరా ఉంది." తర్వాత కొంచెం మొహమాటంగా, నేల వైపు చూస్తూ అడిగింది. "రావచ్చునా?"

అరుణశ్రీకి జవాబు నోటిదాకా వచ్చింది. కానీ ఆగి, జంపక్క వైపు తిరిగింది.

జంపక్క వచ్చినవాళ్లిద్దరినీ పైనుంచి కిందికి చూసింది. తర్వాత పక్కకు జరిగి మెట్టు మీద చోటు చేసింది.

"రమ్మను," అంది.