అంచులు కాల్చే పని

మా వదినను పనిలోంచి తీసేస్తున్నామని చెప్పడానికి మేనేజరు నన్నే పిలిచాడు. మా చేపల ఫ్యాక్టరీలో యంత్రాలు కడిగేవాళ్ళ జట్టుకు పెద్దను నేను కాబట్టి అట. ఆమె మా అన్న భార్య అని ఆయనకు తెలుసు. తెలిసే పిలిచాడు. అక్కడే నాకు సగం ఒళ్ళు మండింది.

"పరీక్షలో రెండో లైను బెల్టు మీద మళ్ళీ క్రిములు దొరికాయి. ఇది మూడోసారి. ఆ లైను కడిగేది మీ వదినే కదా?"

"కడుగుతుంది సార్. మందునీళ్ళకు చేతులు పొక్కిపోయేలా కడుగుతుంది."

"మరి క్రిములు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?"

వదినను తీసేసే కాగితం బల్ల మీద ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. పక్కనే ఇంకో కాగితం, కొత్త లైనులో చేప ముక్కల్ని మోసే బెల్టు కొనేది. దాని మీద మూడు బెల్టు ముక్కలు పరచుకుని కూర్చున్నాడు పర్చేజ్ ఆఫీసరు. ఈయన జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉంటుంది. దాంతో ఏదైనా కొలవగా చూసినవాళ్ళు ఇంతవరకూ లేరు. మేం టేపు సారంటాం.

మూడు ముక్కల్లో ఒకటి నీలంది. లోపల గుడ్డ లేకుండా ఒకే ముద్దగా పోసిన ప్లాస్టిక్కు. రెండోది చిన్నచిన్న పలకల్ని కడ్డీలతో గుచ్చింది. మూడోది తెల్లది, ఇప్పుడు మేం వాడుతున్నదే. గుడ్డ మీద ప్లాస్టిక్ పూత.

"తెల్లదే ఖాయం చేద్దాం సార్," అన్నాడు టేపు సారు. "మూడేళ్ళయింది, ఒక్క పోగు లేచిందన్న మాట లేదు. రాయిలాంటి సరుకు. నీలందానికి ఊరికే ఖర్చు."

ఒక్క పోగు లేవలేదట! ఎందుకు లేవలేదో నన్నడగాలి. మొదటి ఏడాదే ఆ బెల్టు అంచులు చీకిపోయి గుడ్డ పోగులు బయటికొచ్చాయి. ఒక పోగు చేప ముక్కల్లో దొరికిందని మా జట్టునంతా వరసగా నిలబెట్టి తిట్టారు. మర్నాటినుంచి లైను మొదలయ్యేలోగా, చేపలు కోసే కత్తితో పోగులు గీరేసి, కాల్చిన ఇనప రేకుతో అంచులు అతికించి నున్నగా చేయడం మొదలుపెట్టాం. కనిపెట్టింది నేనే. వదినకు నేర్పిందీ నేనే. ఆవిడ కాల్చిన అంచు అచ్చం కొత్తదానిలా ఉంటుంది. మా పనితనం చూసుకుని మేమే మురిసిపోయేవాళ్ళం. బెల్టు పైన పడ్డ కత్తిగాట్లలోంచి తడి మాత్రం గుడ్డలోకి దిగుతూనే ఉంది. పక్కలు మేం మూసేస్తే అది ఆరేదెప్పుడు? బెల్టు పనికిరాదని చెప్పే సాక్ష్యాన్ని రోజూ పొద్దున్నే మా చేతులతో మేమే గీరి చెత్తబుట్టలో పోశాం.

"తెల్లది వద్దు సార్," అన్నాను.

టేపు సారు నవ్వాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

"కడిగేది మేం కాబట్టి."

"పోనీ ఈ పలకలది?" అన్నాడు మేనేజరు.

"ప్రతి కీలులోనూ పొలుసు ఇరుక్కుంటుంది సార్. విప్పి కడిగే తీరిక మీరివ్వరు. నీలందే మేలు. నీళ్ళు పీల్చే గుడ్డే లేదు దాంట్లో. ఎక్కడ చేప తుక్కు మిగిలినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది."

"తెల్లది మూడేళ్ళు నిక్షేపంగా నడిచాక ఈ గోలంతా ఎందుకు?" అన్నాడు టేపు సారు. మేనేజరు కలం మూత తీశాడు.

ఇక నాకు ఆగలేదు. గబగబా కిందికి దిగాను. టీ వేళ కావడంతో లైను ఆగి ఉంది. వదిన ఒక్కతే వంగి బెల్టు కింద రుద్దుతోంది. బల్ల మీది కత్తి తీసుకుని రెండో లైను బెల్టు అంచు జానెడు కోసేశాను.

"ఏం చేస్తున్నావే? పిచ్చి పట్టిందా నీకు?" వదిన నా చెయ్యి పట్టుకుంది.

"పట్టింది. రా నాతో."

ఆవిణ్ణి లాక్కుంటూ పైకి వెళ్ళి, ఆ ముక్కను మేనేజరు ముందే కత్తితో చీల్చి, పొరలు రెండూ పీకాను. పైన పటారం, లోన లొటారం. గుడ్డంతా నల్లగా, జిగటగా ఉంది. కుళ్ళు కంపు గదంతా కమ్మేసింది. టేపు సారు ముక్కు మూసుకుని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఎవరు కోయమన్నారు నిన్ను?" అని అరిచాడు మేనేజరు. మళ్ళీ ఆ ముక్క వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈ అంచులు కాల్చిందెవరు?"

"నేనే సార్," అంది వదిన.

"నేర్పింది నేను," అన్నాను. "పోగు కనిపిస్తే తిడతారని దాచాం. తప్పే. కానీ ఆవిడ కడగలేదని మాత్రం అనకండి. కడగడానికి చెయ్యి దూరని చోట పెరిగాయి ఆ క్రిములు. సబ్బు పైన పోస్తే లోపలికెలా పోతుంది?"

మేనేజరు వదిన కాగితం అడ్డంగా చింపేశాడు. రెండో కాగితంలో తెల్లది కొట్టేసి నీలంది రాసి సంతకం పెట్టాడు. "నేనూ మొదట నీలందే అనుకున్నాను," అని గొణిగాడు టేపు సారు. ఎంత కోపంలో ఉన్నా నాకు నవ్వొచ్చింది.

"రెండో లైనుకూ ఇదే తెప్పిస్తాను," అన్నాడు మేనేజరు. "రావడానికి నెల పడుతుంది. అందాకా పాతదే నడుపుదాం. కోసిన చోటు అతికించండి. అంచులు ఎప్పట్లాగే కాస్త చూసుకోండి. మీ వదిన చెయ్యి మంచిదిగా."

"అలాగే సార్," అన్నాను.

అవును, నేనే అన్నాను. అంత అరిచి, అంత కోసి, ఆ కంపు ఇంకా ముక్కులో ఉండగానే అన్నాను. వదిన పని నిలిచింది కదా అన్న సంబరంలో నాలుక దానంతటది తిరిగింది. ఆ రోజు మేనేజరు మీద వచ్చిన కోపం ఎప్పుడో చల్లారింది. నా మీద వచ్చింది మాత్రం చల్లారలేదు.

వదిన ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. తడి చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

"నేను కాల్చను సార్. ఆ చేపలు తినేది మనుషులే. కొత్తది వచ్చేదాకా లైను ఆపండి. ఆపలేనంటే ఇందాక చింపిన కాగితం మళ్ళీ రాయించండి, పట్టుకుపోతాను."

చెయ్యి చాచి అలాగే నిలబడింది. నా వంక మాత్రం చూడలేదు.