కామాగారు చదివిన పెళ్ళి ప్రకటన

అప్పటికే ఏడు పేజీల తప్పులు దిద్దేసి, ఎనిమిదో పేజీ మీదికి వంగాడు కామాగారు. ఒక్క కామా తప్పునూ వదలని ప్రూఫ్ రీడర్ కాబట్టి ఆ పేరే నిలిచిపోయింది; ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. సన్నటి మనిషి, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, చూపుడువేలికి చెరగని ఎర్రసిరా మరక. ముప్ఫై రెండేళ్ళుగా ఆ పత్రిక ప్రూఫులను ఆఖరి వాక్యం నుంచి మొదటి వాక్యానికి చదవడం ఆయన పద్ధతి. మామూలుగా చదివితే కుతూహలం ఊరుకోదు. అక్షరం మీద ఉండాల్సిన కన్ను కథ వెంట పడిపోతుంది.

కానీ ఎనిమిదో పేజీలోని పెళ్ళి శుభాకాంక్షల ప్రకటనలో చదవడానికి ఉన్నవే రెండు వాక్యాలు. కన్ను ఫొటో మీదికి పోయింది. పెళ్ళికూతురి కనుబొమ ఒకటి కాస్త పైకి లేచి ఉంది, కెమెరానే ఏదో ప్రశ్న అడుగుతున్నట్టు. ఈ ముఖాన్ని ఎక్కడ చూశాను? ఇక ఆయనకు కాలు నిలవలేదు. పాత సంచికల గదిలో గంటసేపు దుమ్ము మింగితే దొరికింది: మూడు నెలల కిందటి పదో తరగతి ఫలితాల పేజీ, రెండు జడలు, అదే కనుబొమ. పెళ్ళి రేపే.

ప్రకటనల విభాగంలో అమ్మాయికి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించాడు.

“మనకెందుకు బాబాయ్‌గారూ? పిల్ల వాళ్ళది, పెళ్ళి వాళ్ళది. రెండేళ్ళు తక్కువైతే కొంపలేం మునిగిపోతాయి?”

“పేపరు మనదే కదమ్మా. నాలుగో పేజీలో చట్టం గురించి నీతులు చెప్పి, ఎనిమిదో పేజీలో దీవిస్తామా?”

ఆ అమ్మాయి గొణుక్కుంటూనే చిరునామా తీసి ఇచ్చింది. ఆయన పిల్లల రక్షణ కార్యాలయానికి ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికల్లా అధికారులు వెళ్ళి పెళ్ళి ఆపించారు. కామాగారి మనసు కుదుటపడింది.

అదీ సాయంత్రం మార్చిన మొదటి పేజీ ప్రూఫు మళ్ళీ వచ్చేదాకానే. ‘మన పత్రిక ఆపిన బాల్యవివాహం’. పిల్ల పేరు, తండ్రి పేరు, వీధి, బడి, అరచేయంత ఫొటో. ఈసారి ఆయన పైనుంచి కిందికే చదివాడు. కలం తీసి ఒక్కొక్కటే కొట్టేసి, ఎడిటర్ గదిలోకి వెళ్ళాడు.

“పేరూ ఫొటో తీసేస్తే ఇంకేం వార్తండీ అది?” అన్నాడు ఎడిటర్. “మంచి పని చేశాం, చెప్పుకోకూడదా?”

“ఆ పిల్ల మళ్ళీ బడికి వెళ్ళాలండి. దారి పొడుగునా వేలెత్తి చూపిస్తారు.” కామాగారు జారిన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. “పెళ్ళినాటికి మా ఆవిడకి పద్నాలుగండి. బడి మానడం నీకిష్టమేనా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఊరందరి సంగతులూ ఆరా తీసేవాణ్ణి, ఇంట్లో మనిషిని అడగలేదు. ఆవిడ పోయి ఆరేళ్ళు. ఇప్పుడెవర్ని అడగను?”

ఎడిటర్ ప్రూఫును తనవైపు లాక్కున్నాడు. తర్వాత ఆ కొట్టివేతల కింద సంతకం పెట్టి ఇచ్చాడు.

పేజీ మారి అచ్చుకు వెళ్ళింది. ఆ రోజే పదవీ విరమణ కావడంతో కామాగారి ఉద్యోగం కూడా పూర్తయింది. వీడ్కోలు సభ మర్నాడు పెడదామనుకున్నారు గానీ, ఆయన సభలంటే సిగ్గుపడే మనిషి. కుర్చీ లోపలికి జరిపి, ప్రకటనల అమ్మాయితో రోజూలాగే “వస్తానమ్మా” అని మెట్లు దిగిపోయాడు.

బల్ల మీద ఆయన దిద్దిన ఆఖరి ప్రూఫు మిగిలింది: కొట్టివేతలు పోగా నాలుగు వరసల వార్త, పక్కన ఎర్రగీతల కింద ఎవరిదో పోల్చుకోలేని ముఖం.