పదకొండో నంబరు ఉప్పు

"మొదటి నీళ్లు పోనీవే అమ్మాయ్! కప్పు మీది కాకిరెట్టంతా పప్పులో పోస్తావా?" వసారాలోంచి పరంజ్యోతమ్మ కేకేసింది. కోడలు పుష్పకుమారి చూరు కింద పెట్టిన బిందె పక్కకి లాగి, కాసేపాగి మళ్లీ పెట్టింది. సముద్రపొడ్డు ఊరు. బావి నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి గానీ వాటితో కందిపప్పు చస్తే ఉడకదు. అందుకే వాన పడితే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ చూరు కిందికే. మోసేది మాత్రం పుష్ప ఒక్కతే. అసలే ఈరోజు ఆమెకి పరీక్ష!

పెళ్లయిన ఏడు, అరవై మూడులో, బి.ఎస్సీ. కెమిస్ట్రీ ప్రాక్టికల్ పోయింది. అప్పుడు పక్కమ్మాయి రాసింది చూసి రాసింది మరి. ఇప్పుడు నెగ్గితే ఆడపిల్లల బళ్లో సైన్సు టీచరు ఉద్యోగమిస్తామని హెడ్మిస్ట్రెసు గారు మాటిచ్చారు. "ఇదే ఆఖరు. ఈసారి తప్పితే పుస్తకాలు అటకెక్కించు" అన్నాడు తాలూకాఫీసు గుమస్తా అయిన భర్త జయకుమార్. "కూరలో ఉప్పెంతో తెలీదు గానీ, గాజుగొట్టంలో ఉప్పు కనిపెడతాదంట" అని అత్త. తల్లీకొడుకులు నవ్వారు. పుష్ప కూడా నవ్వింది, నవ్వకపోతే మూతి ముడిచిందంటారు. ఏడాదిగా టెస్ట్‌ట్యూబు ముట్టింది లేదు. పిండి రుబ్బుతూ, అంట్లు తోముతూ దేనికి ఏ ద్రావకం కలిపితే ఏం విరుగుతుందో వల్లెవేసుకోవడమే చదువు.

కాలేజీలో ఆమెకొచ్చింది పదకొండో నంబరు పొట్లం. తెల్లటి ఉప్పు, నీళ్లలో ఇట్టే కరిగింది. సోడియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే తెల్లగా విరిగింది, ఇంకాస్త పోస్తే కరిగిపోయింది. అమ్మోనియాతోనూ అంతే. జింకే! సిల్వర్ నైట్రేట్ వేస్తే పాలలాగా తెల్లబడింది, అంటే క్లోరైడు. బేరియం క్లోరైడుతోనూ తెల్లటి మడ్డి దిగింది, యాసిడ్ పోసినా కరగలేదు, అంటే సల్ఫేటు. ఇచ్చింది ఒక్క ఉప్పయితే రెండూ ఎట్లా ఉంటాయి? పక్కలకి చూసింది. ఆ బల్ల దగ్గర ఎనిమిది మందికి ఎనిమిది రకాల ఉప్పులు, అందరూ నింపాదిగా క్లోరైడనే రాసుకుంటున్నారు. తనూ అదే రాసేస్తే పోదా? కలం తీసింది కూడా. కానీ అందరికీ అదే ఎట్లా వస్తుంది?

ఉప్పు వెయ్యకుండా, బల్ల మీది సీసాలో నీళ్లే ట్యూబులో పోసి సిల్వర్ నైట్రేట్ చుక్క వేసింది. తెల్లబడింది. ఓరి నాయనో! క్లోరైడు ఉన్నది పొట్లంలో కాదు, నీళ్లలో.

"మాల్యాద్రన్నా, ఈ నీళ్లెక్కడివి?" అనడిగింది అటెండరుని.

"డిస్టిల్డు వాటరు అయిపోయిందమ్మా, బాయి నీళ్లు పోసినా. ఎంత తేటగా ఉండాయో చూడు!"

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. బయట వాన దంచుతోంది. చాలాసేపటినుంచీ పడుతోంది కాబట్టి కప్పు కడుక్కుపోయే ఉంటుంది. కిటికీలోంచి చెయ్యి చాపి బీకరులోకి చూరు నీళ్లు పట్టింది. ట్యూబులు రెండుసార్లు తొలిచి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి సిల్వర్ నైట్రేట్‌కి చుక్కంత తెలుపు కూడా రాలేదు. బేరియానికి మాత్రం మడ్డి దిగింది. జింక్ సల్ఫేట్ అని రాసింది.

"అందరూ క్లోరైడంటే నువ్వొక్కదానివే సల్ఫేటంటావేంటమ్మా?" అన్నారు ఎగ్జామినరు గారు. పుష్ప బావి నీళ్లకీ వాన నీళ్లకీ పక్కపక్కనే చేసి చూపించింది. ఆయన ట్యూబులు వెలుతురుకి పట్టి చూసి, ఫక్కున నవ్వారు. "నీళ్లకే పరీక్ష పెట్టినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. ఈ వాన నీళ్ల ఉపాయం ఎవరు నేర్పారు?"

"మా అత్తయ్య, సార్."

అందరిచేతా వాన నీళ్లతో మళ్లీ చేయించారాయన. "నువ్వింక దిగులు పెట్టుకోకుండా ఇంటికెళ్లమ్మా" అన్నారు పుష్పతో. ఎంత సంతోషమేసిందో! ఆ హాల్లోనే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

గేటు దగ్గర జయకుమార్ గొడుగేసుకుని నిలబడున్నాడు. ఓదార్చడానికి ముందే సిద్ధం చేసుకున్న మొహం. "పోయిందా? పోనీలే పుష్పా..."

"పోలేదు. రేపు హెడ్మిస్ట్రెసు గారిని కలిసి ఎప్పుడు చేరాలో కనుక్కుంటాను."

"అదీ... అమ్మనొక మాట అడిగి..."

"అడిగేదేం లేదండీ, చెప్పడమే. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"