టైలరమ్మ వంటగట్టు

కొలత తీసుకునేటప్పుడు నేను టేపు ముందు తియ్యను. ఆ ఇంట్లో వంట చేసే మనిషిని గోడ పక్కన నిలబడి మోచెయ్యి మడవమంటాను. మోచేతి కింద బెత్తెడు వదిలి గోడ మీద పెన్సిల్ గీత పెడతాను. వంటగట్టు ఎత్తు అదీ. నాకు పనిచ్చే వంటగదుల షాపువాళ్లకి ఇదొక చాదస్తం. వాళ్ల లెక్కలో మనుషులంతా ఒకటే ఎత్తు, ఎనభై ఆరు సెంటీమీటర్ల గట్టుకి సరిపోయే ఎత్తు.

టైలరమ్మ గీత డెబ్భై ఆరు దగ్గర పడింది. ఆవిడ నా భుజం దాకా కూడా రాదు.

"ముప్పై ఏళ్లుగా వీధి వీధంతటికీ కొలతలు తీశాను. నన్ను నిలబెట్టి కొలిచింది మాత్రం నువ్వే మేస్త్రీ," అంది.

పాత గట్టు ముందు ఒక చెక్క పీట ఉంది. అది ఎక్కితే గాని ఆవిడకి గిన్నె అడుగు కనపడదు. పీట మధ్యలో రెండు పాదాల మేర చెక్క నున్నగా అరిగి ఉంది. కిందటేడు దాని మీద నుంచి జారిపడితే మణికట్టు విరిగిందట.

"మిషను తొక్కీ తొక్కీ మోకాళ్లు పోయాయి. ఇక ఎక్కడం దిగడం నా వల్ల కాదు. నేల మీద నిలబడి వండుకోవాలి, నాకు కావలసింది అదొక్కటే. రంగులూ పిడులూ మీ ఇష్టం," అంది.

వంటగది చేయిస్తోంది ఆవిడ కుట్టుపని సంపాదనతోనే. ఆర్డరు కాగితం మీద పేరూ ఆవిడదే.

నలభై రోజులకి, షాపు నుంచి గట్టు రాయి కింద నిలబెట్టే చెక్క పెట్టెలు వచ్చాయి. అప్పటికే పాత గట్టు పగలగొట్టి, రాళ్లు బయట పడేసి ఉన్నాను. మొదటి పెట్టె విప్పి గోడకి ఆనించి నిలబెట్టగానే నాకు తెలిసిపోయింది. అయినా టేపు పెట్టి చూశాను. పైన రాయి పడితే ఎనభై ఆరు.

టైలరమ్మ వచ్చి పెట్టె మీద చెయ్యి ఆనించింది. భుజం చెవి దాకా లేచింది.

"చంక దగ్గర పట్టేస్తోంది," అంది.

షాపుకి వెళ్లాను. ఆర్డర్లు పెట్టే అమ్మాయి కంప్యూటరు తెరిచి చూసింది, తర్వాత నేనిచ్చిన కాగితం తీసింది.

"నువ్వు డెబ్భై ఆరనే రాశావన్నా. అంత తక్కువ ఎవరూ పెట్టించుకోరు కదా. తప్పు రాశావేమో, రేపు నీకు మాట వస్తుందేమో అని నేనే దిద్దాను."

"ఒక్క ఫోన్ చెయ్యాల్సింది."

"తప్పు రాశావా అని అడిగితే బాగుండదనుకున్నా."

నా మంచికే చేసింది.

మర్నాడు షాపు మేనేజరు టైలరమ్మ ఇంటికి వచ్చాడు. నన్ను కింద మెట్ల దగ్గర ఆపాడు.

"చూడు మేస్త్రీ. తిప్పి పంపితే, ఇప్పుడున్న రద్దీలో కొత్తవి రావడానికి మూడు నెలలు. ఇక్కడే కోయించామనుకో, నీకు వారం పని, తలుపులన్నీ మళ్లీ చేయించాలి. ఏది చేసినా నా మెడకే. ఆవిడ నీ మాట వింటుంది. ఇంతకంటే దిగదని ఒక్క ముక్క చెప్పు. వంతెన పక్కన కడుతున్న ఫ్లాట్లలో వంటగదులన్నీ నీకే."

నేను సరేననలేదు. కాదనీ అనలేదు. మెట్లెక్కాను.

టైలరమ్మ భర్త బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ముందుగదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కోడలు ఆఫీసుకి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. పొడుగు మనిషి.

మేనేజరు తప్పు ఒప్పుకున్నాడు. ఎంత మర్యాదగా ఒప్పుకున్నాడంటే, అతను చెప్పింది కాదంటే మనదే తప్పనిపించేంత. ఆ తర్వాత దారి చెప్పాడు. గట్టు పొడవునా అదే రంగులో, జారని మెట్టు ఒకటి ఊరికే చేయిస్తారు. దాంతో పాటు పొయ్యి మీదకి చిమ్నీ కూడా.

"చిమ్నీ అంటే మోటారు ఉన్నదేనా?" అన్నాడు కండక్టరు.

"పెద్దదే సార్."

"ఇంకేం మరి. ఏమే, విన్నావా?"

"మెట్టంటే పీటే కదండీ," అంది టైలరమ్మ.

"అది పీట, ఇది మెట్టు. పాత బస్సులో ఫుట్‌బోర్డు నీ నడుమెత్తు ఉండేది, ఎక్కలేదూ? ముసలాళ్లంతా ఎక్కారు."

"చెయ్యిచ్చి లాగడానికి కండక్టరు ఉండేవాడు. ఇక్కడ ఎవరు లాగుతారు, మీరా?"

కోడలు నవ్వి, మామగారి ముఖం చూసి ఆపుకుంది. వెళ్లి పెట్టె దగ్గర నిలబడింది. పైన రాయి పడితే ఆమె మోచేతికి కింద సరిగ్గా బెత్తెడు. నాకు కనపడుతూనే ఉంది.

"నాకిది బాగానే ఉంది అత్తయ్యా. కాని రోజంతా ఇక్కడ నిలబడేది మీరు. మీ ఇష్టమే."

"మూడు నెలలు వరండాలో వంటంటే నా వల్ల కాదు," అన్నాడు కండక్టరు, వరండాలో వండబోయేది తనే అయినట్టు.

టైలరమ్మ ఆయన వంక చూడలేదు. మేనేజరు వంకా చూడలేదు.

"నువ్వు చెప్పు మేస్త్రీ. ఈ పెట్టెలు కోసి దింపలేవా?"

దింపగలను. ఒక్కో పెట్టెకీ అడుగున పది సెంటీమీటర్లు కోసి, అంచులకి పట్టీ అతికించి, కింది సొరుగు ఒకటి తీసేస్తే సరిపోతుంది. ఇంతకు ముందు ఒకచోట చేశాను కూడా. మేనేజరు గుమ్మంలోంచి వంటగది గోడ మీద నా పెన్సిల్ గీత వంక చూస్తున్నాడు.

"దిగదమ్మా," అన్నాను. "కోస్తే బలం పోతుంది."

ఆవిడ నా వంక చూసింది.

"కుదరని జాకెట్టు పట్టుకుని కొట్లాటకి వచ్చినవాళ్లకి నేనూ ఇలాగే చెప్పేదాన్ని," అంది. "రెండుసార్లు తొడగండమ్మా, అదే సాగుతుంది అని."

"సాగేదా అత్తయ్యా?"

"గుడ్డెక్కడ సాగుతుందే. వాళ్లే అలవాటు పడేవాళ్లు."

మెట్టుకీ చిమ్నీకీ ఒప్పుకున్నట్టు రాసిన కాగితం మేనేజరు ముందుకు జరిపాడు. ఆవిడ కళ్లజోడు వెతుక్కుని, ప్రతి లైనూ చదివి, సంతకం పెట్టింది.

పని అయ్యేసరికి పది రోజులు పట్టింది. మెట్టు అన్నిటికంటే చివర్లో బిగించాను. ఒకే చెక్కగా బిగిద్దామనుకున్నాను గాని, సింకుకీ పొయ్యికీ మధ్య నేల మీద నీళ్లు పోయే జాలీ ఉంది. దాన్ని మూయకూడదు. అందుకని మెట్టు రెండు ముక్కలైంది. మధ్యలో మూరెడు ఖాళీ.

"ఇది ఇంకో నాలుగు వేళ్లు వెనక్కి రావాలి," అంది టైలరమ్మ. "వెనకడుగు వేశానంటే పడతాను."

నాలుగు వేళ్లు పెంచాను. అంచు గుండ్రంగా చెయ్యమంది. చేశాను. ఆవిడ ఏది చెప్పినా సరిగ్గానే చెప్పింది. మేస్త్రీ అని మాత్రం పిలవలేదు. గోడకి చెప్పినట్టు చెప్పింది.

సామాను సంచిలో సర్దుకుంటూ ఉంటే ముందుగదిలోంచి కండక్టరు కేక వేశాడు.

"ఏమే, కొత్త పొయ్యి మీద మొదటి టీ. మేస్త్రీకి కూడా పెట్టు."

ఆవిడ సింకు ముందు మెట్టెక్కి గిన్నె కడిగి నీళ్లు పట్టింది. దిగింది. జాలీ దాటి పొయ్యి ముందు ఎక్కింది. వెలిగించి దిగింది. పాలకోసం ఫ్రిజ్ దగ్గరకి నడిచింది. మళ్లీ ఎక్కింది. చిమ్నీ మీట ఆవిడకి అందలేదు. కోడలు వచ్చి నొక్కి వెళ్లింది. గ్లాసులు సింకు వైపు ఉన్నాయి. దిగి, ఇటు ఎక్కి తీసుకుని, దిగి, అటు ఎక్కింది. దిగిన ప్రతిసారీ ఎడమ చెయ్యి మోకాలి మీదకి వెళుతోంది. నేను తల వంచుకుని స్క్రూలు డబ్బాలో వేసుకుంటున్నాను. తల వంచుకున్నా పాదాలు కనపడతాయి.

టీ గ్లాసు తెచ్చి నా పక్కన నేల మీద పెట్టింది.

"చక్కెర సరిపోయిందో లేదో చూడు. చాలకపోతే మళ్లీ ఎక్కి వేస్తాను," అంది.

టీలో చక్కెరే లేదు. సరిపోయిందని చెప్పి తాగాను.