కాళ్ళు ఎటు పెట్టుకోవాలి

కాదు, ఇదీ కాదు. కుడికాలు లోపలికి మడిచి ఎడమకాలు దాని ముందు పెడితే తుంటి ఎముక నేలకు గుచ్చుకుంటోంది. రెండు కాళ్ళూ ఒక పక్కకు తిప్పుకుంటే నడుము వంకరపోతోంది. మోకాళ్ళ మీద కూర్చుంటే మడమలు మొద్దుబారి వేరెవరివో అయిపోతున్నాయి. ధ్యానం హాల్లో అందరూ ఎప్పుడో కుదురుకున్నారు. తెల్ల రవికెలు, గోధుమరంగు లుంగీలు, వరసలుగా ఆడవాళ్ళు, ఎదురుగా బుద్ధుడు. గులాబీరంగు బట్టల సన్యాసిని, మేమంతా సయాలే అని పిలిచే ఆవిడ, గంట కొట్టేముందు చెప్పింది ఒక్కటే మాట. "మీకు ఎలా సుఖంగా ఉంటే అలా కూర్చోండి తల్లీ. ఇలాగే కూర్చోవాలని ఏం లేదు."

అంత తేలిక మాటకు నాకు చెమటలు పట్టాయి. ఎలా సుఖంగా ఉంటుందో నాకు తెలియదు. మర్చిపోలేదు, ఎప్పుడూ తెలియదు. చిన్నప్పుడు అమ్మ నేర్పింది అరికాళ్ళు దాచుకోవడం. బుద్ధుడికి చూపించకు, నాన్నకు చూపించకు, అన్నయ్యకు చూపించకు. "మరి ఎటు పెట్టుకోనే?" అని ఏడ్చాను ఒకసారి. "నీ కిందే పెట్టుకో" అంది. అలాగే పెట్టుకున్నాను. పెరిగి పంతులమ్మనయ్యాను. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు తరగతి గదుల్లోంచి కుర్చీలు తీయించేశాడు. టీచరమ్మలు కూర్చుంటే పిల్లలు నిద్రపోతారట. ఆ మాట ఆయన మెత్త వేసిన కుర్చీలో కూర్చుని చెప్పాడు, మేము వరసగా నిలబడి విన్నాం, అవునండీ అన్నాం. పెళ్ళయిన రాత్రి అత్తయ్య పక్క సర్దుతూ చెప్పింది. "ఎడమవైపు పడుకో. మగాడి తేజస్సు కుడిభుజంలో ఉంటుంది. నీ తలగడ వాడి తలగడకన్నా జానెడు కిందికి జరుపుకో." జరుపుకున్నాను. నా పాదాలు మంచం దాటి గాల్లో వేలాడేవి. మా ఆయన టే లిన్ అది చూసి విరగబడి నవ్వాడు. "పొడుగు పెళ్ళాన్ని కట్టుకుంటే ఇదే గోల. మంచం కొనాలో పడవ కొనాలో తెలీదు!" నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పుడు, ఈ సగాయిన్ కొండమీద కళ్ళు మూసుకుని కూర్చుంటే, అర్థం కాకుండా పోతోంది.

మా ఇంట్లో ఒక శరీరం సుఖం సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. అత్తయ్యకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆవిడ ఎముకలు నా చేతులకు కంఠతా వచ్చాయి. ఎడమ భుజం ముందుకు లాగాలి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టాలి, తుంటి కింద మాత్రం దిండు పనికిరాదు. ఏవేవో పెట్టి చూశాను, మూలుగు ఆగలేదు. చివరికి నా పాత లుంగీ ఒకటి, ఎర్రపువ్వులది, ఉతికి ఉతికి వెన్నలా అయింది, నాలుగు మడతలు వేసి పెడితే ఊపిరి వదిలి నిద్రపోయింది. నేను కోడలిగా వచ్చినప్పుడు నా లుంగీలు ఆరేసే తాడు పెరటి చివర మోకాలెత్తున కట్టించిన మనిషి ఆవిడే. ఆడదాని లుంగీని మగవాళ్ళు తాకినా, పొరపాటున దాని కిందుగా నడిచినా వాళ్ళ తేజస్సు పోతుందని. ఇప్పుడు వంకర తిరిగిన నోటితో అడుగుతుంది, "ఆ పువ్వుల గుడ్డ ఏదే?" అని.

కొత్త సంవత్సరం నీళ్ళ పండక్కి బడికి సెలవులు. ఆడపడుచు వచ్చి పది రోజులు తల్లిని చూసుకుంటానంది. నేను ధ్యానానికి వెళ్తానన్నాను. టే లిన్ వింతగా చూశాడు. "కూర్చోవడానికి అంత దూరమా? ఇంట్లో చేసేదీ అదేగా!" కాసేపటికి తనే మెత్తబడ్డాడు. "సర్లే, పుణ్యం వస్తుందంటే పో. వచ్చాక మాక్కూడా కాస్త పంచిపెట్టు." ఇక్కడికి వచ్చేటప్పుడు నేను కోరుకున్నది పుణ్యం కాదు. ఒక గంట, ఒకే ఒక్క గంట, ఎవరూ పిలవకుండా నా ఒంట్లో నేను ఉండాలనుకున్నాను. అది కూడా రాకపోతే ఇక ఏదీ రాదని లోపల ఎక్కడో తెలుసు. అందుకే ఇంత భయం.

నిన్న సయాలే ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది, ఏం గమనించావని. నేను ఆమె ముందు కాళ్ళు ఒక పక్కకు మడిచి, చేతులు జోడించి చెప్పాను. "నా పక్కన కూర్చునే పెద్దావిడ డా చిట్ గారికి కుడి మోకాలు బాగాలేదు సయాలే, కింద మడత బట్ట పెడితే సర్దుకుంటుంది. ముందు వరసలో చిన్నపిల్ల మెడ వంచి కూర్చుంటోంది, సాయంత్రానికి తలనొప్పి వస్తుంది."

"నీ సంగతి చెప్పు తల్లీ."

"నాకేం లేదు సయాలే. బాగానే ఉంది."

ఆవిడ నా కాళ్ళవైపు చూసింది. మడమ దగ్గర చర్మం నీలంగా కమిలి ఉంది. నేనూ అప్పుడే చూశాను. "నొప్పి తెలియడం లేదా?" అంది. తెలియడం లేదని చెప్పడానికి సిగ్గేసి లుంగీ అంచు మడమల మీదికి లాక్కున్నాను. బయటికొస్తే, బజార్లో ఊరేసిన చేపల ముద్ద అమ్మే డా చిట్ మెట్ల మీద మోకాలు రుద్దుకుంటూ దొరికింది. "ఏమందే పిల్లా? నన్నైతే గోడకు ఆనుకోమంది. ముప్పై ఏళ్ళు బజార్లో గొంతుకు కూర్చున్నదాన్ని, గోడకు ఆనుకుంటే నిద్రపోనూ!" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కళ్ళు మూసుకుని లోపలికి చూస్తే అక్కడ నేను కనబడటం లేదు. ఒక పనిమనిషి తలుపు దగ్గర నిలబడి ఉంది, ఎవరు ఎప్పుడు పిలుస్తారా అని. ఆమెను కూర్చోమందామంటే ఆ ఇంట్లో కుర్చీ లేదు.

ఈ మధ్యాహ్నం హాలు చివర, పక్క తలుపు దగ్గరున్న స్తంభానికి వీపు ఆనించి చూశాను. బుద్ధుడు నాకు ఎడమ పక్కన ఉన్నాడు, ఎదురుగా తలుపు. స్తంభం చల్లగా ఉంది. వీపులో ఏదో కొంచెం వదులైంది. ఇదేనేమో అనుకునేలోపు మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడు, ఆ చప్పుడు నాకు తెలుసు.

"మ్యా సెయిన్." గుసగుసగా పిలిచాడు టే లిన్, గడప అవతలి నుంచి. దారిలో జనం చల్లిన పండగ నీళ్ళకు చొక్కా తడిసి ఒంటికి అంటుకుని ఉంది. "లే, బండి బయటే ఉంది. చెల్లెలు పొద్దున్నే తన పిల్లల దగ్గరికి పోయింది. అమ్మ ఎటు తిప్పినా అరుస్తోంది. వీపు ఎర్రగా అయింది. పుండు పడితే ఎవరిది బాధ్యత?"

అత్తయ్య అరుపు నాకు ఇక్కడే వినిపించింది. నా చేతులు వాటంతటవే ఒడిలో మడతలు వేయడం మొదలుపెట్టాయి.

"తుంటి కింద ఎర్రపువ్వుల గుడ్డ పెట్టాలి" అన్నాను. "పెరటి తాడు మీద ఉంది. నాలుగు మడతలు. అంతే."

ఆయన ముఖం మారింది. "అది నీ లుంగీ కదే?"

"అవును."

"నేను ముట్టుకోవాలా దాన్ని?"

"మీ అమ్మ దాని మీదే పడుకుంటుంది."

"అమ్మ ఆడమనిషి! పిచ్చెక్కిందా నీకు? నేనా, నీ లుంగీ తీసి, చేత్తో మడిచి..." రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "లే, లే. తర్వాత మాట్లాడదాం. వచ్చే ఏడు మళ్ళీ వద్దువుగానిలే."

తల్లి అరుస్తుంటే ఈ మనిషి నది దాటి, కొండెక్కి, ఇంత దూరం వచ్చాడు. ఒక గుడ్డను ముట్టుకోకుండా ఉండటానికి వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఆ గుడ్డ లోపల ఉన్నది నేను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. బావిలోకి రాయి వేస్తే చప్పుడు రానట్టు ఉంది. ఇప్పుడు లేచి వెళ్తే సాయంత్రానికి అత్తయ్య నిద్రపోతుంది. వెళ్ళకపోతే ఆవిడ అరుస్తూనే ఉంటుంది, నేను వింటూనే ఉంటాను. ఎటు చూసినా సుఖం లేదు.

"వినపడటం లేదా? లే!"

లేవడానికే అనుకుంటాను, నేలమీద చేతులు ఆనించాను. నా కింద ఇన్నేళ్ళూ దాచుకున్న కాళ్ళను ఒకదాని తర్వాత ఒకటి బయటికి తీశాను. మోకాళ్ళు టక్కుమన్నాయి. వీపు స్తంభానికి ఆనించి, రెండు కాళ్ళూ బారజాపాను. కమిలిన అరికాళ్ళు రెండూ గడపలో నిలబడ్డ ఆయన ముఖానికి సూటిగా ఉన్నాయి. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

కళ్ళు మూసుకున్నాను. మడమల్లో నొప్పి మొదలైంది.