కూర్చొని నిద్రపోయేవాళ్ళు

ఆ ఆదివారం ప్రార్థన అయిపోయి వచ్చేసరికి మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: గోడకు ఆనుకుని నిలబడిన మా నాయన ప్రేమయ్య. పొయ్యి దగ్గర అమ్మ కృపమణి. చాప మీద అవ్వ, అవ్వ పక్కన చెల్లెలు. మంచం మీద కాలు మీద కాలేసుకుని పలుగురాయి మిల్లు సూపర్‌వైజరు భూపేష్. నేను తలుపు మూలన, నోటుబుక్కు ఎదకు అదుముకుని.

మా ఇంట్లో మంచం ఒకటే. నిలబడితే నాయనకు ఆయాసం వస్తుందని భూపేష్‌కు తెలుసు. అయినా జరిగి కూర్చోలేదు.

"ఏం ప్రేమయ్యా, పాపకు సదువు బాగా వంటబట్టినట్టుండాదే. ఊరోళ్ళ పేర్లన్నీ రాసుకుంటాండాదంట. ఆ బుక్కు ఇట్లిచ్చేయమను, పోతా," అన్నాడు. తెచ్చిన బెల్లం పొట్లం అమ్మ ముందర పెట్టాడు.

ఆ బెల్లం గురించి చెప్పాలి. మిల్లులో పలుగురాళ్ళను పిండిలాగా ఆడిస్తారు. సాయంత్రం పని దిగేటప్పుడు ప్రతి కూలికీ ఒక బెల్లం ముక్క ఇస్తారు. అది తింటే గొంతులోని దుమ్ము కడుపులోకి జారిపోతుందంటారు. మా ఊరంతా నమ్మింది. నాయనా నమ్మాడు. నమ్మి కూడా తినకుండా, తువ్వాలు కొసకు కట్టుకుని మాకు తెచ్చేవాడు. ఆయనకు దగ్గు మొదలైనప్పుడు, ఆ బెల్లం మేం తిన్నందుకే వచ్చిందని నేను చాలా రోజులు ఏడ్చాను. డైరీలో కూడా అట్లే రాసుకున్నాను. మందు కానిదాన్ని మందని నమ్మించి, తప్పు మా నోటి మీదికి తోశారు.

ఆ నమ్మకం పోగొట్టింది మా సోషల్ టీచరు శివలీల. దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి, అక్కడికి బెల్లం పోదు అని బోర్డు మీద బొమ్మ గీసి చూపించింది. పదో తరగతి ప్రాజెక్టుకు మీ ఊరిలో జరిగే అన్యాయం ఒకటి తీసుకోండి అంది. "ఇల్లిల్లూ తిరగండి. అందరినీ ఒకే ప్రశ్న అడగండి. వాళ్ళు చెప్పింది రాయండి, మీకు నచ్చింది కాదు."

నాకు మనుషులతో మాట్లాడాలంటే భయం. నా స్నేహితురాలు ఆరాధన అడిగేది, నేను రాసేదాన్ని.

"మీ ఇంట్లో ఎవరికన్నా జబ్బుందా?"

అరవై మూడు ఇళ్ళు తిరిగాం. అందరూ లేదన్నారు. లేదంటున్నప్పుడే లోపలి నుంచి దగ్గు వినబడేది.

చివరి ఇల్లు హనుమంతమ్మది. ఆమె కొడుకులిద్దరూ మిల్లులో పనిచేసి చచ్చిపోయారు. మా ప్రశ్న విని నవ్వింది.

"ఎవురే మీకు ఇట్ల అడగమనింది? జబ్బుండాదని చెప్తే రేపు పన్లోకి రానిస్తారా?"

"మరి ఏమని అడగాల పెద్దమ్మా?" అంది ఆరాధన.

"కూచోని నిద్రపోయేటోళ్ళు ఎవురని అడుగు. నా కొడుకులు పండుకుంటే ఊపిరాడక, మోకాళ్ళ మీద తల పెట్టుకోని నిద్రపోతాండ్రి. అట్లే పోయిరి."

మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి ఎవరూ దాచలేదు. జబ్బు పేరు ఎత్తలేదు కదా. 'మా మామ', 'మా ఆయప్ప', 'నేనే' అన్నారు. ముప్పై ఒక్క పేర్లయ్యాయి.

నిజానికి ముప్పై రెండు. పద్నాలుగో ఇల్లు మాది. నాయన రెండేళ్ళుగా ఈ మంచం మీద గోడకు ఆనుకునే నిద్రపోతున్నాడు. ఆరాధన నా ముఖంలోకి చూసింది. నాయన పని పోతుందని నేను 'ఎవరూ లేరు' అని రాశాను. మా తర్వాత ఇట్లాంటి సర్వేకు పోయే పిల్లలకు ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. ఇతరుల ఇళ్ళలో నిజం అడిగి, మా ఇంట్లో అబద్ధం రాశాను.

ఆ పేర్లు చూసి శివలీల టీచరు చర్చి ముందర ఊరి మీటింగు పెట్టించింది. లోడింగు కూలి మహానంది లేచాడు.

"ఈ పేర్లు బయటపడితే మిల్లుకు తాళమేస్తారు. అప్పుడేం తినాల? టీచరమ్మ జీతం పంచుతాదా?"

హనుమంతమ్మ ఊరుకోలేదు. "తాళమెయ్యకముందే మీ అన్న మట్టిలో ఉండాడు గదరా మహానందీ. నువ్వుగూడా ఆడికే నడుస్తాండావు, బెల్లం నములుకుంటా."

జనం నవ్వారు. నవ్వు దగ్గయింది. ఒకరి దగ్గు ఇంకొకరిని పట్టుకుంది. అది ఆగేదాకా మీటింగు ఆగింది. ఆగిన తర్వాత ఎవరూ మహానంది వైపు మాట్లాడలేదు. సోమవారం కడప కలెక్టరాఫీసుకు అందరూ పోవాలి, పేర్లు ఇవ్వాలి, అందరికీ ఎదకు ఎక్స్‌రేలు తీయించాలి, మిల్లులో దుమ్ము లేవకుండా నీళ్ళు కొట్టే ఏర్పాటు చేయించాలి అని చేతులెత్తారు. చివర్న మహానంది కూడా చెయ్యెత్తాడు.

మూడు రోజులకు శివలీల టీచరును వేరే మండలానికి పంపేశారు. బస్సెక్కుతూ నాతో, "బుక్కు నాది కాదు, బడిది కాదు. అందులో పేర్లున్నవాళ్ళది," అంది.

ఇప్పుడు, తెల్లారితే కడప పోవాలనగా, ఆ బుక్కు కోసం భూపేష్ మా మంచం మీద కూర్చున్నాడు.

అవ్వ చెల్లెలి చెవిలో ఏదో చెప్పింది. చెల్లెలు నా పక్కనుంచే బయటికి జారుకుంది.

"అమ్మీ, ఇట్లియ్యి," అన్నాడు నాయన.

ఇచ్చాను. భూపేష్ చెయ్యి చాచాడు. నాయన ఆ చేతిలో పెట్టలేదు. చర్చిలో బైబిలు చదివేటట్టు వేలు పెట్టి ఒక్కొక్క పేరు చదివాడు. పద్నాలుగో ఇంటి దగ్గర వేలు ఆగింది.

"ఈడేమి రాసినావు?"

భూపేష్ మెడ చాచి బుక్కులోకి తొంగి చూశాడు.

"నీ పేరు లేదులే ప్రేమయ్యా," నవ్వాడు భూపేష్. "నీ కూతురు తెలివైంది. నువ్వు మా మనిషివి. దాన్ని నాకిచ్చి రేపు పన్లోకి రా."

నాయనకు దగ్గు వచ్చింది. గోడ పట్టుకుని, తగ్గేదాకా ఆగాడు. అమ్మ ముందరున్న బెల్లం పొట్లం తీసి భూపేష్ ఒళ్ళో పెట్టాడు.

"ఇది మీ పిల్లోళ్ళకు పెట్టుకోప్పా."

భూపేష్ లేచాడు. "ఏం ప్రేమయ్యా, ఒళ్ళు బలిసిందా?"

నాయన అప్పటికే తలుపు తీశాడు. వీధి నిండా జనం. ముందు హనుమంతమ్మ, ఆమె కొంగు పట్టుకుని మా చెల్లెలు, ఆరాధన, మహానంది, వాళ్ళ వెనక ఆయాసపడుతూ వచ్చిన వాళ్ళూ. ఎవరూ అరవడం లేదు. దగ్గుతున్నారు, అంతే.

భూపేష్ బుక్కు అందుకోబోయాడు. అమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి అడ్డం వచ్చింది. నాయన బుక్కును నా చేతుల్లో కుక్కి, భుజం పట్టి గడప దాటించాడు.

"పద్నాలుగో ఇంటికాడ తప్పు రాసినావు అమ్మీ. దిద్దుకో."

"నాయనా, నువ్వు..."

ఆయన భూపేష్ నా వెనక రాకుండా తలుపు మూసేశాడు. లోపల గొళ్ళెం పడింది.